లాపాయింటు

ఆ సబ్జెక్టు బడిలో కొత్తగా పెట్టిన ఏడు దాన్ని తీసుకున్నది పదకొండు మంది. పేరు ‘చట్టం-ప్రభుత్వం’. తొమ్మిదో తరగతిలో ఐచ్ఛికం కింద ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆడపిల్లలు టైపుకీ కుట్టుపనికీ పోయారు, మగపిల్లలు మోటారు రిపేరుకి ఎగబడ్డారు. ఎక్కడా చోటు దొరకనివాళ్లు, ఫారం ఆలస్యంగా ఇచ్చినవాళ్లు పదిమంది ఇందులోకి వచ్చిపడ్డారు. కావాలని వచ్చింది ఒక్కతే, ఆయా కూతురు.

ఆయా అంటే ఆ బడి ఆయాయే. పొద్దున ఏడింటికి వచ్చి గదుల తాళాలు తీసి, ఊడ్చి, బల్లలు తుడిచి, వేళకి గంట కొట్టి, సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ తాళాలు వేసేది. భర్త పోయాక తమ్ముడింటి వెనకగదిలో కూతురితో ఉంటూ పదకొండేళ్లుగా అదే పని. తాళాల గుత్తి నడుముకి దోపుకొని వరండాలో నడుస్తుంటే ఆ చప్పుడుకి అల్లరి పిల్లలు బెంచీల మీంచి దిగి బుద్ధిగా కూర్చునేవాళ్లు. వచ్చేది టీచరు కాదు, ఆయా అని తెలిసి మళ్లీ ఎక్కేవాళ్లు. తల్లి పని గురించి కూతురికి నామోషీ ఏమీ ఉండేది కాదు. బడి మొత్తం తమ ఇంటి తాళంచెవుల్లో ఉందన్నట్టే తిరిగేది.

ఆ పాఠానికి గది కూడా ఇవ్వలేదు. లైబ్రరీలో పాత పత్రికల అలమార వెనక మూడు బెంచీలు వేశారు. చెప్పేది చరిత్ర సారు. ఆయనకి ఖాళీ పీరియడ్లు ఎక్కువున్నాయని దీన్ని అంటగట్టారు. వయసులో లా కాలేజీలో చేరి ఏడాదికే మానేసిన మనిషి. అందుకేనేమో చరిత్ర చెప్పేటప్పుడు ఆవలించే మనిషి ఇక్కడికి వచ్చేసరికి మారిపోయేవాడు. మొదటిరోజున జేబులోంచి నలిగిన బస్సు టికెట్ తీసి ఇదేమిటని అడిగాడు. టికెట్ అన్నారు పిల్లలు. కాదు, ఒప్పందం అన్నాడు. దింపుతానన్న చోట దింపకపోతే బస్సువాణ్ణి నిలదీసే హక్కు ఈ కాగితం ముక్కలో ఉందన్నాడు. ఆ పిల్ల ఇంటికి పోయి మామయ్య చొక్కా జేబులన్నీ వెతికి, దొరికిన టికెట్ల వెనక సన్నటి అక్షరాలన్నీ కూర్చుని చదివింది.

ఇంకోరోజు సారు ఆలస్యంగా వచ్చినవాళ్లని బయట నిలబెట్టబోతే ఆ పిల్ల చెయ్యెత్తింది. ఆలస్యానికి శిక్ష ఇదని ముందుగా ఎక్కడైనా రాసి పెట్టారా సార్ అని అడిగింది. ముందు చెప్పని తప్పుకి శిక్ష వెయ్యకూడదని నిన్న మీరే చెప్పారు కదా అంది. సారు పగలబడి నవ్వాడు. ‘లాపాయింటు తీసిందిరోయ్ ఈ పిల్ల’ అన్నాడు. ఆ పూట నుంచి ఆమె పేరే లాపాయింటు అయిపోయింది. బడిలో అదే, వీధిలో అదే. కూర మాడిందని తమ్ముడు గొణిగితే తల్లి కూడా, ‘ఉండు, మా లాపాయింటుని పిలుస్తా’ అని మురిసిపోయేది.

మరుసటి ఏడు, ఆమె పదో తరగతికి వచ్చాక, పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సామాన్లన్నీ లెక్క చూస్తే ప్రయోగశాలలో నాలుగు మైక్రోస్కోపులకి మూడే ఉన్నాయి. అడుగున తెల్లరంగుతో ‘3’ అని రాసి ఉండే మైక్రోస్కోపు లేదు. సైన్సు సారు అంతకుముందే బదిలీ మీద వెళ్లిపోయాడు. ల్యాబు చూసుకునే అసిస్టెంటు బడి కమిటీలో ఒకరికి దగ్గర చుట్టం. ఇక మిగిలింది తాళాల గుత్తి.

హెడ్మాస్టరమ్మ చెడ్డమనిషేం కాదు. ఆయాని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

“చూడమ్మా, నువ్వు తీశావని నేననడం లేదు. కానీ తాళాలు నీ దగ్గరే ఉంటాయి, పైవాళ్లకి నేనేదో ఒకటి చెప్పాలి. ఈ నెలాఖరుకి మానెయ్. పక్కపేటలో చిన్నపిల్లల బడిలో ఆయా కావాలంటున్నారు. నేను ఫోన్ చేసి చెబుతాను. ఎవరికీ ఏమీ తెలియదు.”

తల్లి బయటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది కానీ, కొంత తేలికపడింది కూడా. పోయేది ఈ బడి, దొరికేది ఇంకో బడి. చీపురు ఎక్కడైనా చీపురే. తమ్ముడు కూడా అదే మాటన్నాడు. వ్యాను నడిపే మనిషి, లోకం చూసినవాడు. దొరికిన దారిన పోవడం మేలు, ఆ మేడం దయగలది కాబట్టి సరిపోయిందన్నాడు.

కూతురు ఒప్పుకోలేదు.

“మానేస్తే నువ్వే తీసినట్టు అమ్మా. నీ మాట వినకుండా నిన్ను తీసెయ్యడానికి వాళ్లకి వీల్లేదు. ముందు నోటీసివ్వాలి, విచారణ చెయ్యాలి. నాలుగో పాఠంలో ఉంది.”

“నాలుగో పాఠంలో ఉన్న సంగతి మేడానికి తెలీదంటావా?” అంది తల్లి.

“తెలుసు. నీకు తెలీదనుకుంటోంది.”

ఆ మాట తల్లికి ఎక్కడో తగిలింది. పదకొండేళ్లలో ఒక్క చాక్‌పీసు ముక్క ఇంటికి తేలేదు ఆమె. కూతురు రాసిన కాగితం మీద ఒక్కో అక్షరమే పేర్చి సంతకం పెట్టింది.

ఆ దరఖాస్తుని ముందు సారుకే చూపించింది కూతురు. ఆయన ఎర్రపెన్నుతో రెండు తప్పులు దిద్దాడు. ‘హక్కు అన్న మాట మూడుసార్లు వాడావు, ఒక్కసారి చాలు, చదివేవాళ్లకి చిరాకొస్తుంది’ అన్నాడు. తన సర్వీసులో ఇంత శుద్ధంగా రాసిన దరఖాస్తు చూడలేదన్నాడు. తాను చూసినట్టు మాత్రం ఎవరితోనూ అనొద్దన్నాడు. ఆ చివరి మాట ఆమెకి వినిపించింది కానీ, మనసుకెక్కలేదు. శుద్ధంగా అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

హెడ్మాస్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. తలుపు వేసి మంచిగా చెప్పిన మాటకి కాగితంతో జవాబు వచ్చేసరికి ఆమె మొహం మారిపోయిందని తల్లి తర్వాత చెప్పింది. ‘సరే, పద్ధతి ప్రకారమే చేద్దాం’ అందట.

పద్ధతి ప్రకారమే జరిగింది. ఆరోపణ రాసి నోటీసిచ్చారు. ఏడురోజుల గడువిచ్చారు. కూతురు ఆ నోటీసుని పాఠ్యపుస్తకంలో నమూనా పక్కన పెట్టి చూసుకుంది. అచ్చుగుద్దినట్టు ఉంది. ముగ్గురితో సంఘం వేశారు. ఒకరు హెడ్మాస్టరమ్మ, రెండోవాడు సిమెంటు కొట్టున్న కమిటీ మెంబరు. ఇక మూడో మనిషిగా, చట్టం తెలిసినవాడు ఒకడుండాలని, సారునే వేశారు. అది విన్న రోజు పిల్ల కాళ్లు నేల మీద నిలవలేదు. సారున్నాడు కాబట్టి ఇక భయం లేదని తల్లికి పదిసార్లు చెప్పింది. అసిస్టెంటు వచ్చి ఏం చెప్పినా, ‘నేనతన్ని ప్రశ్నలడుగుతాను’ అను, నీకా హక్కుంది అని బట్టీ పట్టించింది.

విచారణ రోజు కూతుర్ని లోపలికి రానివ్వలేదు. అలమార వెనక బెంచీ మీద కూర్చుంది. హెడ్మాస్టరమ్మ గదికీ లైబ్రరీకీ మధ్య ఉన్నది చెక్క గోడ. అంతా వినబడుతూనే ఉంది. తల్లిని ఒక స్టూలు మీద కూర్చోమన్నారు. పొద్దున తను తుడిచి పెట్టిన స్టూలే. అసిస్టెంటు వచ్చి తాళాలు ఆయా దగ్గరే ఉంటాయని చెప్పి వెళ్లిపోయాడు. తల్లి నోరు విప్పలేదు. సిమెంటు కొట్టాయన ఏదో అడగబోయి మాటలు వెతుక్కుంటుంటే సారు గొంతు వినబడింది.

“రోజూ నువ్వు తాళం వేసేటప్పుడు మైక్రోస్కోపులు నాలుగూ లోపల ఉన్నాయని చెప్పగలవా?”

“నేను ఊడ్చేదాన్ని సార్. లెక్కపెట్టేదాన్ని కాదు.”

తర్వాత సారే, పక్కన రాసుకుంటున్న గుమాస్తాకి నెమ్మదిగా చెప్పి రాయించాడు. “తాళం వేయు సమయమునకు సదరు వస్తువు లోపల ఉన్నదీ లేనిదీ తాను చెప్పలేనని ఉద్యోగిని అంగీకరించినది.”

చెక్క గోడకి ఇవతల ఆ పిల్ల ఆ వాక్యాన్ని మనసులో మళ్లీ మళ్లీ చదువుకుంది. అమ్మ అన్న మాట అదే, కానీ అమ్మ అన్నది అది కాదు. తప్పు ఎక్కడుందో చూపించమంటే ఏ అక్షరం మీదా వేలు పెట్టలేదు.

పదిరోజులకి ఉత్తర్వు వచ్చింది. రెండు పేజీలు. నిర్లక్ష్యం రుజువైంది, నమ్మకం కోల్పోయింది, ఉద్యోగం నుంచి తొలగించడమైనది. కింద మూడు సంతకాలు. ముప్పై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చని ఆఖరి వాక్యం. అప్పీలు కూడా రాసింది కూతురు. ఈసారి ఎవరికీ చూపించలేదు. జోక్యం చేసుకోవడానికి కారణం కనబడలేదని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది.

పక్కపేట బడికి వెళితే పాత బడినుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఉత్తరంలో ఏముంటుందో అందరికీ తెలుసు. ముందు మానేసి ఉంటే నోటిమాటతో పోయేది; ఇప్పుడు కాగితమెక్కింది. కాగితమెక్కింది దిగదు. మామయ్య అన్నం ముందు కూర్చుని, ‘కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది’ అన్నాడు. తల్లి ఆయన్ని గదమాయించింది. కూతుర్ని మాత్రం ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ రోజు తర్వాత లాపాయింటు అని పిలవడం ఒక్కటే మానేసింది.

చివరికి ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని దొరికింది. అక్కడ ఏ ఉత్తరాలూ అడగరు. మందునీళ్లలో దుప్పట్లు నానబెట్టి, పిండి, ఆరేసే పని. ఆరునెలలు తిరిగేసరికి ఆమె అరచేతులు పగిలి, తాళంచెవి పట్టుకుంటే మంట పుట్టేలా అయ్యాయి.

ఆ సంవత్సరం పెద్ద పరీక్షల్లో ‘చట్టం-ప్రభుత్వం’ పేపర్లో పదిమార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది: ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి విషయంలో పాటించవలసిన పద్ధతి ఏమిటి, ఉదాహరణతో వివరించండి. ఆమె తన తల్లి విచారణనే రాసింది. నోటీసు ఇచ్చారు, గడువు ఇచ్చారు, ముగ్గురు విన్నారు, వాంగ్మూలం రాసుకున్నారు, కారణాలు చూపించారు, అప్పీలు ఉందని చెప్పారు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. రాసింది రాసినట్టు సరిపోయింది. నూటికి నూరు వచ్చాయి. ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లలో ఇంకెవరికీ రానన్ని. బహుమతి ఇస్తామని కబురంపితే వెళ్లనంది. వెళ్లి తెచ్చుకో, అది నీ కష్టమని తల్లే పంపించింది. హెడ్మాస్టరమ్మ చేతుల మీదుగా నిఘంటువు ఇచ్చారు. సారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

పెద్దయ్యాక లా చదువుతానని ఒకప్పుడు అనేది; ఆ మాట మళ్లీ ఆమె నోట రాలేదు. బడిలో వద్దనుకున్న టైపే బయట నేర్చుకుంది, షార్ట్‌హ్యాండూ నేర్చుకుంది. పరీక్ష రాసి ఒక పెద్ద ఆఫీసులో స్టెనోగా కుదిరింది. ఏ విభాగంలో వేశారంటే, ఉద్యోగుల మీద విచారణలు జరిపే విభాగంలోనే వేశారు. కాపలావాళ్లు, డ్రైవర్లు, గుమాస్తాలు వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఆఫీసరు అడుగుతాడు, వాళ్లు చెబుతారు, ఆఫీసరు దాన్ని ఇంకోలా చెప్పి రాయిస్తాడు, ఆమె రాస్తుంది. ‘అంగీకరించినాడు’ అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆగి, రాసేది. పెళ్లి మాటలు రెండు మూడు వచ్చాయి. వచ్చినవాళ్లని ఆమె అడిగే ప్రశ్నలకే వాళ్లు మళ్లీ రాలేదని మామయ్య అంటాడు.

అలా, తల్లి విచారణ జరిగి పంతొమ్మిదేళ్లు గడిచాయి. ఒకరోజు సారు ఆఫీసుకి వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది, రిటైరై రెండేళ్లయింది. బడికి యాభై ఏళ్లు నిండుతున్నాయని, ప్రత్యేక సంచిక వేస్తున్నామని, పాత విద్యార్థుల చేత రాయిస్తున్నామని చెప్పాడు. ‘ఆ సబ్జెక్టు నీకేమిచ్చిందో ఒక పేజీ రాసివ్వమ్మా, నూటికి నూరు తెచ్చుకున్నది నువ్వొక్కదానివే’ అన్నాడు. అంత నిదానంగా, అంత ఆప్యాయంగా అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది. ఈయన నిజంగానే మరిచిపోయాడా? రాయననీ అనలేదు, రాస్తాననీ అనలేదు. ఉత్సవానికైనా రమ్మన్నాడు.

ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. ఆఫీసుకి సెలవు పెట్టి, తల్లికి చెప్పకుండా వెళ్లింది. ప్రయోగశాలలో పాతకాలపు సామాన్లన్నీ బల్లల మీద పేర్చి, పక్కన అట్టముక్కల మీద పేర్లు రాసి పెట్టారు. కిటికీ పక్క బల్ల మీద మైక్రోస్కోపులు. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. నాలుగు.

దగ్గరికెళ్లి ఒక్కొక్కటే ఎత్తి అడుగున చూసింది. ఒకటి, రెండు, నాలుగు. ఆఖరిది తిప్పితే తెల్లరంగు సగం రాలిపోయిన మూడు.

సారుని వరండాలోకి పిలిచింది. అది ఎప్పుడు దొరికిందని అడిగింది. పాత సామాను కదా, ఎవరికి గుర్తుంటుందన్నాడు. స్టాకు రిజిస్టరు చూద్దాం పదండి సార్ అనేసరికి వరండా గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. బదిలీ మీద వెళ్లిన సైన్సు సారు దాన్ని ఎవరికీ చెప్పకుండా రిపేరుకిచ్చి వెళ్లాడు. ఆరేళ్లకి ఆ రిపేరు కొట్టువాడు కొట్టు ఖాళీ చేస్తూ దాన్ని తెచ్చి ఇచ్చాడు. ఆ ఏడు హెడ్మాస్టరు సీట్లో తాత్కాలికంగా ఉన్నది ఈయనే.

“అంటే దొరికి పదమూడేళ్లయింది సార్. పదమూడేళ్లలో మా ఇంటి దారి దొరకలేదా?”

“ఏమని వచ్చి చెప్పనమ్మా. సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణి. పైగా అప్పటికే ఉత్తర్వు ఖాయమైపోయింది. అప్పీలు గడువు కూడా… ఆ రూలు నీకు నేనే చెప్పాను.”

“ఆ రోజు ఆ ప్రశ్న మీరెందుకు అడిగారు?”

“నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితాలు ఆ వారమే కమిటీ బల్ల మీదున్నాయి” అన్నాడాయన.

ఇదంతా రాసి సంతకం పెట్టమంది. పెడతానన్నాడు. ఫంక్షన్ అయ్యాక అన్నాడు. ఫంక్షన్ అయ్యాక గుండెల్లో నొప్పిగా ఉందని కొడుకు ఇంటికి తీసుకెళ్లిపోయాడు. ఆమె మళ్లీ రెండుసార్లు ఆ ఇంటికెళ్లింది. మొదటిసారి పడుకున్నారన్నారు, రెండోసారి ఊళ్లో లేరన్నారు.

ఆయన కాగితం లేకపోయినా స్టాకు రిజిస్టరులో అది తిరిగొచ్చిన నమోదు ఉంది. దాని నకలు తీయించి, ఉత్తర్వు రద్దు చేయమని బడి కమిటీకి తన పేరుతో దరఖాస్తు పెట్టింది. బాధితురాలు మీరు కాదు, ఆమె స్వయంగా పెట్టుకోవాలని తిప్పి పంపారు. నిజమే, అది కూడా పాఠంలో ఉన్నదే.

అప్పుడు తల్లికి చెప్పక తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తల్లి మడతపెట్టడం ఆపలేదు. అసిస్టెంటు ఇంకా ఉన్నాడా అని అడిగింది. పోయాడని చెబితే, అయ్యో పాపం అంది. కాగితం ముందు పెడితే మాత్రం చేతులు వెనక్కి తీసుకుంది.

“మళ్లీ ఆ స్టూలు మీద కూర్చోబెడతారా?”

“లేదమ్మా. సంతకం పెడితే చాలు. ఇంకెవరూ ఏమీ అడగరు.”

“అప్పుడూ ఇలాగే భయం లేదన్నావు.”

కూతురు కాగితాన్ని తన వైపుకి లాక్కుంది. తల్లే మళ్లీ అంది. “నాకోసమైతే వద్దు. నేను తియ్యలేదని నాకు తెలుసు, ఒకరు రాసిస్తే తెలిసేది కాదు. నీకోసమైతే చెప్పు, పెడతాను.”

ఇన్నేళ్లూ అమ్మకోసమే అనుకుంటూ వచ్చింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. “నాకోసమే” అంది కూతురు.

తల్లి పెన్ను తీసుకుంది. పగుళ్లు మానినా వేళ్లు వంగడం లేదు. ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి పెట్టింది.

జవాబు నాలుగు నెలలకి వచ్చింది. హెడ్మాస్టరమ్మ ఎప్పుడో చనిపోయింది, సిమెంటు కొట్టాయన కొడుకు ఇప్పుడు కమిటీ అధ్యక్షుడు. ‘పై సూచిక ప్రకారం దాఖలైన వినతిని పరిశీలించి, గత ఉత్తర్వును రద్దు చేయడమైనది. దీనివలన వినతిదారుకు ఎటువంటి ప్రయోజనమూ వర్తించదు’ అని రెండు వాక్యాలు. పొరపాటు జరిగిందన్న మాట లేదు, చింతిస్తున్నామన్న మాట అసలే లేదు. తల్లి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. రోజుకి పది కాగితాలు టైపు కొట్టే మనిషి కాబట్టి, ఎవరో పాత నమూనా మీద పేరు మార్చి కొట్టేశారని చూడగానే తెలిసిపోయింది.

అయినా చదివి వినిపించింది. రెండుసార్లు చదివింది, రెండోసారి నెమ్మదిగా.

“అయిపోయిందా?” అంది తల్లి.

“అయిపోయింది.”

“అయితే ఇక ఆ బడి మాట నా దగ్గర ఎత్తకు.”

తల్లి లేచి మంచినీళ్ల కుండ మీద మూత సరిచేసి, పెరట్లోకి వెళ్లిపోయింది. సోమవారం ఆఫీసులో ఒక రాత్రి కాపలావాడి విచారణ ఉంది. ఆ మనిషి అప్పటికే వచ్చి, తొమ్మిదిన్నర నుంచీ బయట బెంచీ మీద టోపీ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆమె అతని పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లి, నోటుపుస్తకం తెరిచి, పైన తారీఖు వేసింది.